తెల్లచొక్కాకి ఎర్రచీర రంగు: మా లాండ్రీలో తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు బ్రాడీపేటలో మాది రెండు తరాల లాండ్రీ. నాన్న రేవులో బాన పెట్టి ఉడకేసేవాడు, నేను మెషిన్లు పెట్టాను. పని మారింది గానీ కౌంటర్ దగ్గర వినపడే మాట మాత్రం అదే: "ఏవండీ, దీని రంగు దిగి దానికి అంటుకుంది, పోతుందా?" తడి బట్ట కవర్లో వేసుకుని పరిగెత్తుకొచ్చిన వాళ్ళని చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది. శుభ్రంగా ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, నాలుగు మడతలు పెట్టి తెచ్చినవాళ్ళని చూస్తేనే దిగులు. రోజూ చెప్పే జవాబులే ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఇప్పుడే మెషిన్ మూత తీశాను. తెల్లవన్నీ గులాబీ రంగులో ఉన్నాయి. ముందు ఏం చెయ్యాలి?

దండెం వైపు మాత్రం వెళ్ళకండి. ఆరితే రంగు మొండికేస్తుంది, ఇస్త్రీ పెట్టె తగిలితే మరీను. తడి మీద ఉన్నంతసేపూ మీ చేతిలో ఉన్నట్టే.

రంగు దిగిన బట్ట ఏదో వెతికి పక్కన పడెయ్యండి. మామూలుగా అది కొత్తదో, ఎర్రదో, "రంగు పోతే నన్నడగండి" అని షాపతను ఒట్టేసి ఇచ్చిందో అయ్యుంటుంది. మిగతావాటిని మంచినీళ్ళలో రెండు మూడుసార్లు జాడించండి. జాడించిన నీళ్ళలోకి రంగు వస్తుంటే కంగారు పడకండి, సంతోషించండి. అది ఇంకా నూలుని పూర్తిగా పట్టుకోలేదన్నమాట.

తెల్ల నూలు బట్టలైతే ఆ తర్వాత వేడినీళ్ళు. చెయ్యి పెట్టలేనంత వేడి, అంటే 60 డిగ్రీల దాకా ఉండాలి. అందులో మామూలుగా వేసేదానికంటే కాస్త ఎక్కువ డిటర్జెంట్ పొడి కలిపి అరగంట నానబెట్టండి. నీళ్ళకి రంగొస్తే పారబోసి మళ్ళీ కొత్త నీళ్ళు, కొత్త పొడి. ఆ రంగునీళ్ళలోనే రాత్రంతా వదిలేస్తే దిగిన రంగు మళ్ళీ అదే బట్ట మీద కూర్చుంటుంది. మా దగ్గరికి తడిగా వచ్చే తెల్ల నూలు బట్టల్లో చాలావాటికి ఈ వేడినీళ్ళ పనే సరిపోతుంది. మందుల దాకా వెళ్ళం.

ఆఫీసుకి టైమైపోయిందా? బకెట్ నిండా మామూలు నీళ్ళు పోసి, మరక పడ్డ బట్ట ఒక్కటే అందులో వేసి వెళ్ళండి. సాయంత్రం వచ్చి మొదలుపెట్టండి. మన ఎండలకి రెండో రోజుకి కంపు కొడుతుంది కాబట్టి అంతకుమించి ఉంచొద్దు.

ఖరీదు పెట్టి కొన్నదే. అయినా రంగు ఎందుకు దిగింది?

ఖరీదైనదైనా రంగు దిగొచ్చండీ. ఇవాళ నూలు బట్టలకి ఎక్కువగా వేసేవి రియాక్టివ్ రంగులు. ఇవి 1956లో బజారులోకి వచ్చాయి. నూలుపోగుతో రసాయనికంగా ముడిపడిపోవడం వీటి గొప్ప. కానీ అద్దకం తొట్టిలో వేసిన రంగంతా అలా ముడిపడదు. కొంత నీళ్ళతోనే కలిసి చెడిపోయి, ఏ ముడీ లేకుండా బట్టలో ఊరికే ఉండిపోతుంది. దాన్ని మరిగే సబ్బునీళ్ళలో మళ్ళీ మళ్ళీ కడిగి వదిలించాల్సింది అద్దకం చేసినవాళ్ళే. దానికి నీళ్ళు కావాలి, పొయ్యి కావాలి, టైము కావాలి. అక్కడ రెండు కడుగులు మిగుల్చుకుంటే, ఆ రెండూ మీ ఇంట్లో మీ బకెట్లో జరుగుతాయి. మొదటి మూడు నాలుగు ఉతుకుల్లో ఎక్కువ దిగి, తర్వాత తగ్గిపోయే బట్టలన్నీ ఈ రకమే.

ఇంకో రకం డైరెక్ట్ రంగులు. చవక. ఇవి నూలుని గట్టిగా పట్టుకోవు, అందుకే పదో ఉతుక్కి కూడా ఎంతో కొంత వదులుతూనే ఉంటాయి. "రెండేళ్ళ నాటి నైటీ అండీ, ఇప్పటికీ నీళ్ళు ఎర్రగా వస్తాయి" అంటే అది ఇదే.

ఎరుపు, మెరూన్, నేవీ బ్లూ, నలుపు మీద నాకు ఎప్పుడూ అనుమానమే. ముదురు రంగు రావాలంటే రంగు ఎక్కువ పొయ్యాలి, ఎక్కువ పోస్తే మిగిలేదీ ఎక్కువ. బట్టల పరీక్షల్లో రంగు గట్టితనానికి 1 నుంచి 5 దాకా మార్కులు వేస్తారు, 5 అంటే రంగు అస్సలు కదలదు. ఆ మార్కు చీర అంచు మీద అచ్చు వేస్తే నాలాంటి వాళ్ళకి పని తగ్గిపోయేది.

రాళ్ళుప్పు నీళ్ళలో నానబెడితే రంగు పోకుండా ఉంటుందని అమ్మమ్మ చెప్పేది. నిజమేనా?

ఈ ఒక్క ప్రశ్నకి కౌంటర్ దగ్గర నేను చేసినంత వాదన ఇంక దేనికీ చెయ్యలేదు.

అద్దకం వాళ్ళు తొట్టిలో ఉప్పు వేసే మాట నిజం. గుప్పెళ్ళు కాదు, కిలోల్లెక్కన వేస్తారు. ఎందుకంటే ఉప్పు నీళ్ళలో ఉన్న రంగుని బట్ట వైపు నెడుతుంది. ఇప్పుడు మీ బకెట్ సంగతి చూడండి. ఎర్రచీర రంగు నీళ్ళలోకి దిగింది, పక్కనే తెల్లపంచె ఉంది, మీరు ఉప్పు వేశారు. ఆ ఉప్పు ఎర్ర రంగుని నెట్టేది ఎటు? పంచె మీదకే. అంటే మీ చేతులతో మీరే పంచెకి అద్దకం వేస్తున్నారు.

కొత్త బట్ట ఒక్కటే ఉప్పునీళ్ళలో నానబెడితే నష్టమేమీ లేదు. ఆ పూట నీళ్ళలోకి రంగు తక్కువ దిగినట్టు కనపడుతుంది కూడా. మళ్ళీ మంచినీళ్ళలో వేసేసరికి కథ మొదటికొస్తుంది. అమ్మమ్మల కాలంలో రంగులు వేరు, అలవాటు మాత్రం మిగిలిపోయింది.

వెనిగర్ కూడా నూలుకి ఏమీ చెయ్యదు. పట్టుకి మాత్రం కొంత పనిచేస్తుంది, అది కింద చెప్తాను. పటిక వేసేది కలంకారీ లాంటి చెట్టు రంగుల అద్దకంలో. మిల్లు రంగుకి పటిక పెట్టడం తాళం ఒకటి, చెవి ఒకటి అన్నట్టు. నిజంగా రంగు ఆపాలంటే రంగులమ్మే షాపుల్లో డై ఫిక్సర్ అని ద్రవం దొరుకుతుంది. సీసా మీద చెప్పినట్టు, బట్ట ఒక్కదానికే వాడండి.

వేడినీళ్ళకి పోలేదు. ఇప్పుడు ఏ మందు వాడాలి?

ముందు బట్ట ఏమిటో చెప్పండి, తర్వాత మందు. ఇది తారుమారైతే మరక పోయి చిల్లు మిగులుతుంది. లోపలి కుట్టు దగ్గర లేబుల్ ఉంటే త్రికోణం గుర్తు చూడండి. ఖాళీ త్రికోణం ఉంటే ఏ బ్లీచ్ అయినా వాడొచ్చు. లోపల రెండు ఏటవాలు గీతలుంటే ఆక్సిజన్ బ్లీచ్ మాత్రమే వాడాలి. త్రికోణం మీద ఇంటూ కొట్టి ఉంటే ఏదీ వద్దు.

నేను మొదట తీసేది ఆక్సిజన్ బ్లీచ్. బజార్లో వానిష్ లాంటి పేర్లతో డబ్బాల్లో దొరికే పొడిలో అసలు సరుకు సోడియం పర్‌కార్బొనేట్. నీళ్ళలో వెయ్యగానే అది హైడ్రోజన్ పెరాక్సైడ్, చాకలి సోడా కింద విడిపోతుంది. నూలుకి, పాలిస్టర్‌కి, రెండూ కలిసిన స్కూలు యూనిఫారాలకి బాగా పనిచేస్తుంది. చల్లనీళ్ళలో వేసి "ఏమీ లాభం లేదండీ" అంటారు చాలామంది. దానికి వేడి కావాలి, తెల్లవాటికి 50, 60 డిగ్రీలు, రంగువాటికి గోరువెచ్చన. కొలత డబ్బా మీద ఉన్నంతే. ప్లాస్టిక్ బకెట్లో కలపండి, ఇనప బకెట్ వద్దు. గంట నానబెట్టి చూడండి. తగ్గుముఖం పట్టిందంటే ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ కొత్తగా కలపండి. కలిపిన నీళ్ళకి కొన్ని గంటల్లోనే పస పోతుంది, పొద్దున కలిపింది సాయంత్రానికి ఉత్త సోడానీళ్ళు. మిగిలింది కదా అని సీసాలో పోసి మూత బిగిస్తే లోపల గాలి పుట్టి సీసా పగిలే ప్రమాదం ఉంది.

క్లోరిన్ బ్లీచ్, అంటే బజార్లో "అలా" అనే పేరుతో దొరికేలాంటి ద్రవం, తెల్ల నూలు బట్టకి మాత్రమే. అరబకెట్ చల్లనీళ్ళలో చిన్న టీ గ్లాసులో సగం పోసి, బాగా కలిపాకే బట్ట ముంచండి. నేరుగా బట్ట మీద పోస్తే ఆ చోట నూలు చివికిపోతుంది. ఐదు నిమిషాలకోసారి తీసి చూస్తూ, పదిహేను నిమిషాలు దాటనివ్వకండి. తర్వాత నాలుగు నీళ్ళు జాడించండి. పట్టు, ఉన్ని అయితే ఇందులో కరిగిపోతాయి, ఇది మాటవరసకి అంటున్నది కాదు, నిజంగానే కరుగుతాయి. నైలాన్, లెగ్గింగుల్లో ఉండే సాగే దారం పసుపుపచ్చగా మారి చచ్చుబడతాయి. జరీ నల్లబడుతుంది. ఇనుము ఎక్కువున్న బోరు నీళ్ళలో క్లోరిన్ బ్లీచ్ వేస్తే తెల్లబట్టకి తుప్పు రంగు వస్తుంది. అలాంటి ఇళ్ళలో మున్సిపాలిటీ నీళ్ళు పట్టి వాడుకోవాలి.

మూడోది హైడ్రోస్. సోడియం హైడ్రోసల్ఫైట్ అంటారు. చేనేత అద్దకం వాళ్ళకి బాగా తెలిసిన మందే. మిగతా రెండూ ఓడిపోయిన చోట ఇది గెలుస్తుంది, కానీ అంటుకున్న రంగుతో పాటు అసలు రంగు కూడా ఊడ్చేస్తుంది కాబట్టి పూర్తి తెల్లవాటికే. ఘాటైన గంధకం వాసన వస్తుంది. పొడికి తేమ తగిలితే దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. ఇంట్లో వాడమని నేను చెప్పను. మేమే పెరట్లో, చేతులకి తొడుగులు వేసుకుని వాడతాం.

బ్లీచ్‌లో కాస్త నిమ్మరసమో, బాత్‌రూమ్ యాసిడో కలిపితే ఇంకా బాగా పోతుందంటారు?

మరక పోవడం తర్వాత, ముందు మీకు ఊపిరి ఆడదు. క్లోరిన్ బ్లీచ్‌లో నిమ్మరసం, వెనిగర్, బాత్‌రూమ్ కడిగే యాసిడ్, ఏది పడినా క్లోరిన్ విషవాయువు వస్తుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్లతో కలిసినా విషవాయువే. బట్టలు నానబెట్టేది మూసి ఉన్న చిన్న బాత్‌రూముల్లోనే కదా. హైడ్రోస్‌తో కూడా ఏదీ కలపకూడదు. ఒక మందు వాడి పోలేదంటే, దాన్ని పూర్తిగా జాడించి, మర్నాడు రెండోది.

పట్టుచీర. అంచు ఎరుపు ఒంటి తెలుపులోకి పాకింది. ఏం చెయ్యమంటారు?

పైన చెప్పిన మందులన్నీ మర్చిపోండి. పట్టుకి సోడా పడదు, వేడి పడదు, బ్లీచ్ అసలే పడదు.

చీర ఇంకా తడిగా ఉంటే ఎత్తి దండెం మీద వేసెయ్యకండి. బల్ల మీద పాత తెల్లదుప్పటి పరిచి, దాని మీద చీర పరిచి, పైన ఇంకో తెల్లగుడ్డతో అద్దుతూ రండి. రుద్దొద్దు, అద్దాలి. కుంకుడుకాయ రసం పలచగా చల్లనీళ్ళలో కలిపి పాకిన చోట మాత్రమే దూదితో వెనక వైపు నుంచి అద్దండి. కింద గుడ్డ రంగు పీలుస్తుంది. గుడ్డ జరుపుతూ, శుభ్రమైన చోటు మీదకి మార్చుకుంటూ ఉండాలి. కుంకుడు రసంలో సహజంగానే కొంచెం పులుపు గుణం ఉంది, అందుకే పట్టుకి సబ్బు కంటే అదే నయం. చివర్లో లీటరు నీళ్ళకి చెంచా తెల్ల వెనిగర్ కలిపి ఒకసారి తడపొచ్చు. పట్టుకి వేసే రంగుల్లో ఎక్కువ యాసిడ్ రంగులు, పులుపులో అవి కదలకుండా కూర్చుంటాయి. ముందు వెనిగర్ పోసేసి తర్వాత మరక తీద్దామంటే మాత్రం మరక కూడా కదలకుండా కూర్చుంటుంది. వరస ముఖ్యం.

ఆరేసేటప్పుడు ముదురు అంచు కిందకి ఉండేలా వెయ్యండి. నీళ్ళు ఒంటి మీద నుంచి అంచులోకి జారాలి గానీ అంచులోంచి ఒంట్లోకి కాదు. నీడలో, ఫ్యాన్ కింద, వీలైనంత తొందరగా ఆరాలి. నిదానంగా ఆరే చీరలోనే రంగు పాకుతుంది.

మంగళగిరి నూలు చీరకీ ఈ ఆరేసే పద్ధతే. నిజాం అంచు ముదురు రంగులో ఉండి ఒళ్ళు లేత రంగైతే, మొదటి రెండు మూడుసార్లు అంచుని విడిగా చేత్తో పట్టుకుని చల్లనీళ్ళలో ఒక్క నిమిషంలో కానిచ్చెయ్యాలి. నానబెట్టే పనే పెట్టుకోవద్దు.

డ్రై క్లీనింగ్‌కి ఇస్తే పోతుంది కదా?

మా షాపు లాభం చూసుకుంటే అవుననాలి. కానీ డ్రై క్లీనింగ్ అంటే నీళ్ళు లేకుండా ద్రావకంతో ఉతకడం. జిడ్డుకి అది రాజు. ఈ రంగులేమో నీళ్ళలో కరిగేవి, ఆ ద్రావకంలో కదలవు. పాకిన రంగు పోవాలంటే ఎవరో ఒకరు మరక దగ్గర కూర్చుని చేత్తో పనిచెయ్యాలి. ఇచ్చేటప్పుడు "ఇది రంగు అంటుకున్న మరక" అని చూపించి, చీటీ మీద రాయించండి. చెప్పకపోతే మామూలుగా మెషిన్లో తిప్పి, పాలిష్ కొట్టి ఇస్తారు, మరక అలాగే మెరుస్తూ ఉంటుంది.

భవానీ మాల వేసుకున్నాను. ఎర్రబట్టల రంగు ఇంట్లో అందరి బట్టలకీ పడుతోంది.

దసరా ముందు నుంచీ విజయవాడ చుట్టాల ఫోన్లన్నీ ఇవే. ఆ రోజుల్లో ఇంద్రకీలాద్రి మెట్ల దగ్గర నుంచి ఘాట్ల దాకా ఎరుపే. కార్తీకం వచ్చేసరికి అయ్యప్ప స్వాముల నలుపు. రెండూ ముదురు రంగులు, ఎక్కువమంది కొనేది తక్కువ ధరవి, పైగా రెండు పూటలా స్నానం కాబట్టి రోజూ ఉతకాలి. 41 రోజుల దీక్షలో ఆ బట్ట ఎన్నిసార్లు నీళ్ళలో పడుతుందో చూసుకోండి.

మాల వేసుకునే ముందే మూడు జతలు కొని, వాటిని మాత్రమే ఒక బకెట్లో వేడినీళ్ళు, డిటర్జెంట్‌తో మూడు నాలుగుసార్లు ఉతికెయ్యండి. నీళ్ళు ఇంచుమించు తేటగా వచ్చేదాకా. దీక్ష రోజుల్లో వాటికి బకెట్ వేరు, దండెం వేరు. దండెం సంగతి మర్చిపోతారు. తడి ఎర్రపంచె పక్క తెల్లతువ్వాలుకి తగిలితే, తగిలినంత మేరా అచ్చు పడుతుంది. ఘాట్‌లో స్నానం చేసి తడిబట్టలు ఒకే కవర్లో కుక్కి బస్సెక్కితే ఇంటికొచ్చేసరికి అన్నీ మాలవే అవుతాయి.

బుడమేరు వరదలో బీరువా మునిగింది. చీరల రంగులన్నీ ఒకదానికొకటి అంటుకున్నాయి. ఇన్నాళ్ళకి ఏమైనా చెయ్యొచ్చా?

2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్ నగర్ వైపు నుంచి మూటలు మూటలుగా వచ్చాయి. గుంటూరులో చుట్టాలింటికి చేరినవాళ్ళు గోనెసంచుల్లో చీరలు తెచ్చి మా బల్ల మీద పోశారు. మడతల్లో రోజుల తరబడి తడిసి ఉన్న పట్టుచీరలు, వాటి మధ్య బురద. వాళ్ళ ముందు ఏం మాట్లాడాలో కూడా తెలిసేది కాదు.

అప్పుడు మేం చేసిందేమిటంటే, ఏ చీరకి ఆ చీర విడదీసి, సబ్బు లేకుండా ధారగా మంచినీళ్ళు పోసి బురద పోగొట్టి, పరిచి ఆరబెట్టాం. బురద ఉండగా సబ్బు పెట్టి రుద్దితే ఇసుక పట్టుని కోసేస్తుంది. మళ్ళీ అలాంటి రోజు రాకూడదు గానీ, వస్తే ముందు మడతలు విప్పండి. చోటు లేకపోతే మధ్యలో పాత తెల్లగుడ్డలు పెట్టి చుట్టండి.

ఇన్నాళ్ళ తర్వాత, ఎండిపోయిన మరకలకి మాట ఇవ్వలేను. లేత మరకలు కుంకుడు నీళ్ళకి కొంత తగ్గాయి. మిగతావాటికి చీర మొత్తానికి ముదురు రంగు అద్దించడమో, బాగున్న ముక్క కోసి మనవరాలికి పావడా కుట్టించడమో చేశారు. ఒకావిడ అంచు ఒక్కటీ విప్పించుకుని కొత్త చీరకి వేయించుకున్నారు. పెళ్ళినాటి అంచట.

కలంకారీ దుపట్టా రంగు దిగి చొక్కాకి అంటింది.

పెడన, మచిలీపట్నం వైపు చెట్టు రంగులతో చేసే అసలు అచ్చు కలంకారీ అయితే మొదట కొంచెం పసుపుపచ్చగా, గోధుమగా దిగుతుంది. చొక్కా తెల్ల నూలుదైతే ఆక్సిజన్ బ్లీచ్‌తో మామూలుగా పోతుంది. దుపట్టాని మాత్రం బ్లీచ్‌కీ, నిమ్మకాయకీ దూరంగా ఉంచండి. అందులో నలుపు ఇనుముతో వచ్చేది, పులుపు తగిలితే వెలిసిపోతుంది. చల్లనీళ్ళు, నీడ, విడిగా ఉతకడం. మిల్లులో కలంకారీ డిజైన్ వేసిన బట్టకి ఈ జాగ్రత్తలేవీ అక్కర్లేదు, మామూలు బట్టే.

జీన్స్ నీలం తెల్ల టీషర్టుకి పట్టింది.

ఇది సులువు. జీన్స్‌ది ఇండిగో, నీళ్ళలో కరగదు, రేణువుల్లా రాలి పైపైన అతుక్కుంటుంది. వేడి డిటర్జెంట్, అవసరమైతే ఆక్సిజన్ బ్లీచ్. హైడ్రోస్ జోలికి పోవద్దు, అది ఇండిగోని కరిగించి పోగు లోపలికి పంపుతుంది, గాలి తగలగానే మళ్ళీ నీలం తేలుతుంది. ఇండిగో అద్దకం చేసే పద్ధతే అది.

ఉజాలా ఎక్కువై మచ్చలు పడ్డాయి. ఇదీ రంగు అంటుకోవడమేనా?

అంతే, మనమే పోసుకున్న రంగు. నీళ్ళలో సరిగ్గా కలపకుండా బట్ట ముంచితే పడుతుంది. చల్లనీళ్ళు బాగా పోసి జాడించి, తర్వాత వేడి డిటర్జెంట్, ఆక్సిజన్ బ్లీచ్. పాతకాలం పొడి నీలిమందు మచ్చలైతే నిమ్మరసం రాస్తే పోతాయి, ఆ నీలానికి పులుపు గిట్టదు.

పెళ్ళిలో పసుపు అంటిన పంచెకి సబ్బు పెడితే ఎర్రబడింది. ఎక్కడి ఎరుపు ఇది?

పక్కబట్టని తిట్టకండి, ఎరుపు పసుపులోదే. పసుపులోని రంగు సోడా గుణం తగిలితే ఎర్రగా మారుతుంది, పారాణి కలిపేటప్పుడు సున్నం వేస్తే అయినట్టు. బాగా జాడిస్తే మళ్ళీ పచ్చబడుతుంది. ఆ పచ్చదనాన్ని ఏ మందూ తియ్యనంత బాగా ఎండ తీస్తుంది. ఉతికి, తడి మీదే ఎర్రటెండలో రెండు రోజులు ఆరెయ్యండి. "ఆరనివ్వకండి" అన్న నా మొదటి మాటకి మినహాయింపు ఇదొక్కటే. దుగ్గిరాల పసుపు యార్డులో పనిచేసేవాళ్ళ చొక్కాలూ అంతే, మేం ఎండకే అప్పజెప్తాం. మన ఊరి కారం మరక కూడా ఎండకి వెలుస్తుంది, కాకపోతే ముందు నూనె జిడ్డు వదిలించాలి.

కొత్త బట్ట రంగు దిగుతుందో లేదో ముందే ఎలా తెలుస్తుంది?

తెల్ల జేబురుమాలు గోరువెచ్చని సబ్బునీళ్ళలో ముంచి, బట్ట లోపలి కుట్టు మీద ఒక నిమిషం గట్టిగా అదిమి పట్టండి. రుమాలుకి రంగొస్తే విడిగా ఉతకాలి. చీరకైతే అంచు, ఒళ్ళు, కొంగు మూడింటికీ విడివిడిగా చూడాలి, ఏది ఎక్కడ నేయించారో మనకేం తెలుసు. రంగు పీల్చే కాగితాలని మెషిన్లో వేసుకునేవి దొరుకుతున్నాయి. కొద్దిపాటి రంగుని పట్టుకుంటాయి గానీ, కొత్త మెరూన్ నైటీ ముందు ఒక్క కాగితం ఏం నిలబడుతుంది?

మెషిన్లో వేస్తే ఎక్కువ, చేత్తో ఉతికితే తక్కువ ఎందుకు అంటుకుంటుంది?

మెషిన్ తప్పేం లేదు. ఉతకడం అయిపోయాక తడిబట్టలు లోపల ముద్దగా పడి ఉండటంలోనే సగం అంటుకుంటాయి. మధ్యలో కరెంటు పోయినప్పుడు మరీ. పొద్దున వేసి మధ్యాహ్నం తీసే అలవాటుంటే ముదురు రంగులు ఆ పూట వెయ్యకండి. ఒకసారి రంగు దిగాక, మెషిన్ని ఖాళీగా వేడినీళ్ళతో తిప్పి, తలుపు రబ్బరు మడతల్లో తుడవండి. అక్కడ నిలిచిన రంగునీళ్ళు తర్వాతి వాయికి పడతాయి.

రంగు దిగిన చీర అమ్మిన షాపుని అడగొచ్చా? లాండ్రీలో పాడైతే?

రెండూ అడగొచ్చు. బిల్లు, మరక ఫోటో, రంగు నీళ్ళ ఫోటో ఉంచుకోండి. ముందు షాపులో మర్యాదగా అడగండి, చాలామంది మార్చి ఇస్తారు. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. లాండ్రీ చీటీ వెనక "రంగుకి మా బాధ్యత లేదు" అని ఉంటుంది, మా చీటీ మీదా ఉంది. అది రాసినంత మాత్రాన మా నిర్లక్ష్యం మాఫీ అయిపోదు, ఆ సంగతి మాకూ తెలుసు.

ఏం చేసినా పోలేదు. పారేసెయ్యడమేనా?

రంగు అద్దించండి. అంటుకున్నదానికంటే ముదురు రంగు ఎంచుకోవాలి. గులాబీ మచ్చలున్న తెల్లచొక్కాకి లేత నీలం వేయిస్తే మచ్చలున్న చోట వంకాయ రంగు తేలుతుంది, మెరూన్ వేయిస్తే కలిసిపోతుంది. ఒక్క మాట ముందే చెప్పాలి. బట్ట నూలుదైనా కుట్టుదారం ఎక్కువగా పాలిస్టర్, దానికి నూలు రంగు పట్టదు. మెరూన్ చొక్కా మీద కుట్లన్నీ తెల్లగా కనపడతాయి. మొన్న అలా వచ్చిన చొక్కా చూసి ఒక కాలేజీ కుర్రాడు డిజైన్ చాలా బాగుంది, ఎక్కడ కొన్నారని వాళ్ళ నాన్నని అడిగాడట. చొక్కా ఇప్పుడు కొడుకు వేసుకుంటున్నాడు.